సగటు లెక్కలో మన వాడ లేదు

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల కార్యకర్తల కోసం ప్రొద్దుటూరులో జరిగిన తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)



నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టరమ్మను కాను. అయితే రోగం ముందుగా యెవరింటికి వస్తుందో, మందు చివరగా యెవరింటికి వస్తుందో నాకు తెలుసు. మీకూ తెలుసు. ఆ తెలిసిన దాన్ని లెక్కగా యెట్లా రాయాలి, రాసిన లెక్క చేతిలో పెట్టుకొని యెట్లా కొట్లాడాలి అనేదే యీ పొద్దు నా మాట.

ముందు ఒక చావు సంగతి చెప్తా. మా పక్కపల్లె మాదిగవాడలో కూలికి పోయే ఒక చెల్లెలు వుండేది. రెండో కాన్పు. ఆసుపత్రికే పోయింది. బిడ్డ పుట్టింది. మూడో రోజు యింటికి పంపించినారు. ఒంట్లో రక్తం లేదు. గడప దిగితే ఆయాసం. పద్దెనిమిదో రోజు తెల్లారుజామున కన్ను మూసింది. మొగుడేమో "గాలి సోకింది" అన్నాడు. అత్త "బాలింతకు చలువ చేసింది" అనింది. పూడ్చిపెట్టి వచ్చినారు.

ఆ యేడాది ఆ వూరి లెక్క నేను చూసినా. "కాన్పులన్నీ ఆసుపత్రిలోనే జరిగినవి, నూటికి నూరు" అని రాసుంది. అది అబద్ధం కాదు. ఆ చెల్లెలి కాన్పు కూడా ఆ నూటిలో ఒకటి. కాన్పు లెక్కకు వచ్చింది, చావు లెక్కకు రాలేదు. కాన్పయిన 42 రోజుల లోపల, గర్భం వల్లనో కాన్పు వల్లనో తల్లి చనిపోతే దాన్ని కాన్పు చావు కిందనే రాయాలి. ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క యిది. వాడలో వాళ్ళకు ఆ సంగతి తెలీదు. తెలిసినవాళ్ళు వాడకు వచ్చి అడగలేదు.

ఆ వూరికి పరిశీలన చేసేవాళ్ళు కూడా వచ్చినారు. ప్రజలే నడుపుకునే ఆరోగ్య కార్యక్రమం యెట్లా సాగుతాందో చూసేదానికి వచ్చినారంట. జీపు రచ్చకట్ట కాడ ఆగింది. కుర్చీలు వేసినారు, టీ తెప్పించినారు, కమిటీ వాళ్ళను పిలిపించినారు. "మీటింగులు జరుగుతాండాయా?" "జరుగుతాండాయి సార్." "అందరికీ అందుతాందా?" "అందరికీ అందుతాంది సార్." సంతకాలు అయినాయి. జీపు తిరిగిపోయింది. రచ్చకట్ట నుంచి మాదిగవాడకు రెండు వందల అడుగుల దూరం. ఆ రెండు వందల అడుగులు యెవరూ నడవలేదు.

సగటు చేసే మోసం

లెక్కలంటే భయపడాల్సిన పని లేదు. బిందెలతో చెప్తా. వూర్లో యింటికి రోజుకు పది బిందెల నీళ్ళు, వాడలో యింటికి రెండు బిందెలు. యిండ్లు రెండు పక్కలా సమానం అనుకుందాం. సగటు ఆరు బిందెలు. ఆ ఆరు బిందెలు తెచ్చుకున్న ఆడమనిషి యెవరు? యెవరూ లేరు. వూర్లోనూ లేరు, వాడలోనూ లేరు. కాగితంలో మాత్రమే వుంది.

యిప్పుడు ఒక పథకం వచ్చింది. వూర్లో పది పదహైదైంది. వాడలో రెండు మూడైంది. సగటు ఆరు నుంచి తొమ్మిదికి పోయింది. రిపోర్టులో "అభివృద్ధి" అని రాస్తారు. కానీ వూరికీ వాడకూ నడుమ తేడా యెంత? ముందు యెనిమిది బిందెలు, యిప్పుడు పన్నెండు. పథకం వచ్చినాక మనం యింకా వెనకబడినాం. మనకు కూడా ఒక బిందె యెక్కువ వచ్చింది కాబట్టి అడిగితే "కృతజ్ఞత లేదు" అంటారు.

అందుకే చెప్తున్నా. ఏ ఆరోగ్య కార్యక్రమాన్నయినా బేరీజు వేయాలంటే వూరు మొత్తానికి యెంత మేలు జరిగిందని అడిగితే చాలదు. వూరికీ వాడకూ నడుమ తేడా తగ్గిందా, పెరిగిందా అని అడగాలి. ఆ అడిగేది, రాసేది వాడ మనుషులే కావాలి.

పెద్ద లెక్కలు కూడా యిదే చెప్తున్నాయి. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018లో ఒక నివేదిక తెచ్చింది. మన దేశంలో చనిపోయిన ఆడవాళ్ళ సగటు వయసు పైకులాల్లో 54.1 యేండ్లు. దళితుల్లో 39.5. దగ్గర దగ్గర పదహైదేండ్ల బతుకు తక్కువ. అంటరానితనం మీద 11 రాష్ట్రాల్లో 565 పల్లెలు తిరిగి చేసిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ కూడా అందులో వుంది. మూడింట ఒక వంతు పల్లెల్లో ఆరోగ్య సిబ్బంది దళితుల యిండ్లకు రాము అన్నారు. 48.4 శాతం పల్లెల్లో దళితులను నీళ్ళ కాడికి రానీయలేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన రాష్ట్రంలో 15 నుంచి 49 యేండ్ల ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువ. యిదీ సగటే. మీ వాడలో యెంతమందికో దీన్ని చూసి చెప్పలేరు.

ముందు నడిచినవాళ్ళు

"ప్రజల భాగస్వామ్యం" అనే మాట యిప్పుడు అందరి నోట్లో వుంది. మనకది కొత్త కాదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్ చెరువులో దిగి దోసిలితో నీళ్ళు తాగినాడు. అది ఆత్మగౌరవం కోసం చేసిన పని. మంచినీళ్ళ కోసం కొట్లాట ఆరోగ్యం కోసం కొట్లాట కూడా. పూణేలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రీబాయి ఫూలే కొడుకుతో కలిసి రోగులకు సేవ చేసింది. జబ్బుపడిన మహర్ పిల్లవాణ్ణి మోసుకొచ్చింది. ఆ ప్లేగే సోకి 1897 మార్చి 10న చనిపోయింది. వీళ్ళకు ఏ ప్రాజెక్టూ డబ్బులియ్యలేదు.

మన కండ్ల ముందు జరిగింది 1992 సారా పోరాటం. పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైంది. రోసమ్మ పేరు మీరందరూ విన్నారు. ఆ వుద్యమంలో ముందు నిలబడిన కూలి ఆడవాళ్ళలో మనవాళ్ళు యెందరో. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని యెత్తేసినారు. ఖజానాకు ఆదాయం పోతాంది, దొంగసారా ఆగలేదు అన్నారు.

మరి ఆ పోరాటం గెలిచిందా, ఓడిందా? ఆడవాళ్ళు గెలిపించినారు, సర్కారు తిప్పేసింది. సారా ప్యాకెట్టు పోయి సీసా వచ్చింది. నాకు ఒకటే బాధ. నిషేధం వున్న ఆ రెండేండ్లలో ఒక్కో వాడలో యెన్ని పూటలు అదనంగా పొయ్యి వెలిగింది, యెంతమంది ఆడవాళ్ళకు దెబ్బలు తప్పినాయి, యెంతమంది పిల్లోళ్ళు బడికి పోయినారు అని మనం రాసి పెట్టుకొని వుంటే, 1997లో సర్కారు తన ఖజానా లెక్క తీసినప్పుడు మన లెక్క యెదురుగా పెట్టి వుందుము. వాళ్ళకు లెక్క వుంది. మనకు జ్ఞాపకం వుంది. కచ్చేరిలో జ్ఞాపకం చెల్లదు.

మహారాష్ట్రలో జామ్‌ఖేడ్ అనే చోట 1970లో డాక్టర్లు అరోలె దంపతులు పని మొదలుపెట్టినారు. వూరి ఆడవాళ్ళనే, చదువురానివాళ్ళను, దళిత ఆడవాళ్ళను ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేసినారు. కాన్పు చూడడం, పిల్లోళ్ళ బరువు తూచడం, విరేచనాలకు ఉప్పు చక్కెర నీళ్ళు పట్టడం అన్నీ నేర్పినారు. బోరింగులు దళితవాడల్లో వేయించినారు. నీళ్ళు కావాలంటే వూరే వాడకు రావాల్సి వచ్చింది. మందు ఒక్కటే పంచి వుంటే జబ్బు తగ్గేదేమో, కులం తగ్గేది కాదు.

మూడు తావులు, మూడు పాఠాలు

మన తావుల సంగతికి వస్తా.

జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రి వుంది. లండన్ మిషన్ డాక్టరు క్యాంబెల్ పేరు మీద వంద యేండ్లకు పైగా నడుస్తాంది. వై.యస్. రాజశేఖరరెడ్డి డాక్టరు చదువు అయినాక కొంతకాలం అక్కడనే పనిచేసినారు. తర్వాత పులివెందులలో తండ్రి పేరు మీద ఆసుపత్రి పెట్టినారు. ముఖ్యమంత్రిగా 2005లో 108 అంబులెన్సు, 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చినారు. మంచిని మంచి అనాల. గుండె ఆపరేషనుకు ఆస్తి అమ్ముకునే పని కొందరికి తప్పింది. మనకు అమ్ముకునే ఆస్తే లేదు కాబట్టి కొందరికి ప్రాణమే దక్కింది. కానీ ఆరోగ్యశ్రీ రోగం ముదిరి ఆసుపత్రికి చేరినాక పనిచేసేది. ఆ చెల్లెలి ఒంట్లో రక్తం లేకపోవడానికి కారణం పళ్ళెంలో వుంది, తాగే నీళ్ళలో వుంది, తొమ్మిదో నెలలో కూడా కలుపుకు వంగిన నడుములో వుంది. అక్కడికి ఏ కార్డూ పోదు. అక్కడికి పోవాల్సింది సంఘం. జమ్మలమడుగు పాఠం యిది: ఆసుపత్రి యెంత దగ్గరున్నా, అది వాడలో పని చేసినట్టు కాదు.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళ వూరు. ఆ అంగళ్ళు తెరవకముందే వీధులు వూడ్చి, మురికి కాలువలు తీసేది యెవరు? మన బిడ్డలు. చేతికి తొడుగు వుందా, కాలికి బూటు వుందా, దగ్గు వస్తే పరీక్ష వుందా? యిక్కడ సఫాయి కర్మచారి ఆందోళన్ సంగతి చెప్పాల. దాన్ని నడిపించే బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల కాడ పాకీ పని చేసిన తెలుగు కుటుంబం బిడ్డ. చేతితో మలం యెత్తే పనిని 1993లో చట్టం నిషేధించింది. ప్రభుత్వాలు "మా రాష్ట్రంలో అట్లాంటి దొడ్లే లేవు" అని చెప్తూ వచ్చినాయి. ఆ పని చేసే మనుషులే వీధి వీధి తిరిగి దొడ్లు లెక్కపెట్టి, ఫోటోలు తీసి, 2003లో సుప్రీంకోర్టుకు పోయినారు. 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. మురుగు గుంతల్లో దిగి చనిపోయినవాళ్ళ కుటుంబాలకు పది లక్షలు యియ్యాలన్నారు. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసినారు. చావులు యింకా ఆగలేదు. కానీ "లేవు" అనే మాట మాత్రం ఓడిపోయింది. ఓడించింది వాడ మనుషులు రాసిన లెక్క. ప్రొద్దుటూరుకు యిదే పాఠం.

పులివెందుల పక్క బ్రాహ్మణపల్లె కాడ రాతినార గనులుండేవి. ఆస్బెస్టాస్ అంటారు. ఆ దుమ్ము పీల్చినోళ్ళకు జబ్బు వెంటనే రాదు. యిరవై, ముప్పై, నలభై యేండ్లకు వస్తుంది. కొత్త లీజులు 1986లో ఆపేసినారు. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఒక తీర్పు యిచ్చింది. ఆస్బెస్టాస్ పని చేసినోళ్ళ ఆరోగ్య రికార్డు, పనిలో చేరిన నాటి నుంచి నలభై యేండ్ల దాకా గానీ, పని మానినాక పదహైదేండ్ల దాకా గానీ, ఏది తర్వాత వస్తే అంతదాకా దాచిపెట్టాలని చెప్పింది. కూలివాని ఆరోగ్యం కూడా బతికే హక్కులో భాగమేనని చెప్పింది. అక్కడ తట్టలు మోసిన ముసలోళ్ళు మన వాడల్లో దగ్గుతా కూర్చోనుంటే, "బీడీలు తాగినాడు" అని వదిలేస్తాం. యెవరెవరు పోయినారు, యెన్నేండ్లు చేసినారు, యిప్పుడు యెట్లున్నారు అని ఒక్క జాబితా రాయండి.

అదే పక్క వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం వచ్చింది. 2007లో శంకుస్థాపన, 2012లో ఫ్యాక్టరీ పని మొదలు. తర్వాత చుట్టూ పల్లెలవాళ్ళు నీళ్ళు చెడిపోయినాయని, పంట పోతాందని, ఒంటి మీద దద్దులు వస్తాండాయని అర్జీలు పెట్టినారు. మా వల్ల కాదని యురేనియం కార్పొరేషన్ అనింది. యిక్కడ అసలు ప్రశ్న: 2007కు ముందు ఆ బోరు నీళ్ళు యెట్లుండె? ఆ లెక్క పల్లె చేతిలో వుంటే వాదన వేరేగా వుండేది. ముందు లెక్క లేకపోతే తర్వాత లెక్కకు విలువ లేదు. ఏ పని మొదలుపెట్టినా, ఏ ఫ్యాక్టరీ వచ్చినా, ఏ పథకం వచ్చినా, మొదటి రోజు లెక్క మన పుస్తకంలో వుండాల. పులివెందుల పాఠం యిది.

కమిటీ యెవరిది?

2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినాక వూరూరికీ ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీ అన్నారు. యేడాదికి పదివేల రూపాయలు అన్నారు. మీ వూరి కమిటీలో మీ వాడ మనిషి పేరు వుందా? వుంటే ఆమెకు తెలుసా? ఒక అక్కను అడిగినా. "నాకేం తెలుసమ్మా, సంతకం పెట్టమంటే పెట్టినా" అనింది. సంతకం మనది, నిర్ణయం వాళ్ళది. గుంత తవ్వేది మనం, గుంత యెక్కడ తవ్వాలో చెప్పేది వాళ్ళు. దాన్ని భాగస్వామ్యం అనరు, వెట్టి అంటారు.

ఆరోగ్య సేవలను ప్రజలే పరిశీలించే పని 2007లో తొమ్మిది రాష్ట్రాల్లో మొదలుపెట్టినారు. పక్కనున్న తమిళనాడు, కర్ణాటక అందులో వున్నాయి. మన రాష్ట్రం లేదు. అయితే మనకు యింకో దారి తెలుసు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో వుపాధి హామీ మొదలైంది. తొలి విడతలోనే మన కడప జిల్లా కూడా వుంది. దాని వెనకనే సామాజిక తనిఖీ వచ్చింది. మస్టర్లు తెచ్చి, వూరి నడుమ పేరు పేరునా చదివి, "యీ పని నువ్వు చేసినావా, యీ డబ్బు నీకు ముట్టిందా" అని అడిగినారు. చదువురాని కూలివాళ్ళు మైకు పట్టుకొని "ముట్టలేదు" అన్నారు. కూలికి చేసిన తనిఖీ మందుకు యెందుకు చేయకూడదు? అంగన్‌వాడీ గుడ్డుకు, నర్సమ్మ రాకకు యెందుకు చేయకూడదు?

వాడ పుస్తకం

అందుకే ప్రతి వాడకు ఒక నోటు పుస్తకం. ఖర్చు యిరవై, ముప్పై రూపాయలు. పేజీకి నడుమ గీత కొట్టండి. ఒక పక్క వూరు, ఒక పక్క వాడ. నెలకొకసారి అయిదు ప్రశ్నలు రాయండి.

ఒకటి: నీళ్ళు యెన్ని రోజులు వచ్చినాయి, యింటికి యెన్ని బిందెలు?

రెండు: నర్సమ్మ, ఆశా అక్క యెన్నిసార్లు వచ్చినారు? వాడలో యింటి లోపలికి వచ్చినారా, వీధిలో నిలబడి పిలిచినారా?

మూడు: యెంతమంది గర్భిణులు? యెంతమందికి రక్త పరీక్ష చేసినారు, యెంత వచ్చింది?

నాలుగు: యెవరు పుట్టినారు, యెవరు పోయినారు, ఏ వయసులో, ఏం జబ్బుతో? కాన్పయిన తల్లిని 42 రోజుల దాకా మరవకండి.

అయిదు: రోగం కోసం యెవరు అప్పు చేసినారు, యెంత, ఏ వడ్డీకి?

రాసేది చదువుకున్న ఆడపిల్ల. చెప్పేది వాడ ఆడవాళ్ళు. ఆరు నెలలకొకసారి రచ్చకట్ట కాడ కాదు, వాడలో సభ పెట్టి చదవాల. సర్పంచును, నర్సమ్మను, డాక్టరును అక్కడికే పిలవాల. వాళ్ళ లెక్క తెమ్మనాల. తేకపోతే 2005 సమాచార హక్కు చట్టం వుంది, అర్జీ పెట్టండి. వాళ్ళ లెక్కా మన లెక్కా తేడా వచ్చిన చోట ఆ రెండు వందల అడుగులు వాళ్ళతో నడిపించండి.

మనల్ని మనం అడుక్కోవాల

యిప్పుడు చేదు మాట. మన వాడలో కూడా వాడ వుంది. మాలపల్లెలో బోరింగు పడితే మాదిగపల్లెకు పడిందా అని మనం అడిగినామా? 1994లో దండోరా మొదలైనప్పుడు చాలామంది మాలలకు కోపం వచ్చింది. కానీ ఆ ప్రశ్న న్యాయమైంది. పుస్తకంలో మాలపల్లె, మాదిగపల్లె వేరువేరుగా రాయండి. వాటికి ఆవల గుడిసెల్లో వుండే డక్కలివాళ్ళు, సంచార కులాలవాళ్ళు వుంటే వాళ్ళకూ ఒక పేజీ పెట్టండి. లేకుంటే వూరు మనకు చేసిందే మనం వాళ్ళకు చేస్తాం. మన సగటు కూడా మోసమే అవుతుంది.

మా సంఘం చేసిన తప్పు కూడా చెప్తా. ఒకసారి ఆరోగ్య శిబిరం పెట్టినాం. డాక్టర్లను పిలిపించినాం. రెండు వందల మందికి మాత్రలు యిచ్చినాం, ఫోటోలు దిగినాం, జయప్రదమైందని రాసుకున్నాం. నెల తర్వాత పోతే అదే దగ్గు, అదే నొప్పులు. ఒక ముసలామె అనింది: "బిడ్డా, మాత్ర మింగినా. దాని మీద తాగిన నీళ్ళు ఆ గుంత నీళ్ళే కదా." మేం మాత్రలు లెక్కపెట్టినాం, గుంతను లెక్కపెట్టలేదు. జీపులో వచ్చినవాళ్ళు చేసిందే మేమూ చేసినాం.

యింకో హెచ్చరిక. "ప్రజలే నడుపుకోవాలి" అనే మాటను సర్కారు తన బాధ్యత దించుకోవడానికి వాడుకుంటుంది. మీ వాడ మీరే శుభ్రం చేసుకోండి, మీ ఆశా అక్కనే పంపించుకోండి, ఆమెకు జీతం కాదు గౌరవవేతనం అంటుంది. ఒప్పుకోకండి. లెక్క రాసేది మనం, పని చేయాల్సింది వాళ్ళు. డాక్టరు వుద్యోగం, మంచినీళ్ళ పైపు, మురికి కాలువ సర్కారు పని. 2013 సబ్‌ప్లాన్ చట్టం కింద దళితుల వాటా డబ్బు మన వాడకు యెంత వచ్చిందో అడిగేది మన పని. పుస్తకం ఆ అడగడానికే.

ఆ చెల్లెలి బిడ్డ యిప్పుడు బడికి పోతాంది. అమ్మమ్మ పెంచుతాంది. ఆ వాడ పుస్తకంలో మొదటి పేజీలో ఆ తల్లి పేరు రాయించినాం: పేరు, వయసు, కాన్పు తేదీ, చనిపోయిన తేదీ. యెదురుగా కారణం, "రక్తం లేక, కాన్పు తర్వాత." సర్కారు లెక్కలో ఆమె లేదు. మన లెక్కలో వుంది. వచ్చే తరగతికి మీరు ఉపన్యాసాలు తేవద్దు. మీ వాడ పుస్తకాలు తెండి. యిక్కడనే, అందరి ముందు చదువుదాం.

జై భీమ్!